జపాన్‌లో సెండాయ్ నగరంలో కాపురం పెట్టబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

ప్రభువు నామంలో మీ ఇద్దరికీ, పిల్లలకీ శుభాలు. వీసాలు చేతికొచ్చాయనీ, మార్చి నెలాఖరుకల్లా సెండాయ్‌లో ఉంటారనీ మీ అమ్మ చెప్పింది. అక్కడ బళ్లు ఏప్రిల్లో తెరుస్తారు కాబట్టి పిల్లలకి మంచి సమయమే. చలి మాత్రం అప్పటికింకా పోదు, స్వెట్టర్లు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఇరుగుపొరుగు మధ్య పరిచర్య ఎలా మొదలుపెట్టాలో రాయమన్నావట. మీ మామయ్యా నేనూ చిబాలో కాపురమున్న రోజుల్లో చూసినవీ, అక్కడి పాస్టరమ్మల దగ్గర నేర్చుకున్నవీ గుర్తొచ్చిన వరుసలో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, మీరెవరో ఎందుకొచ్చారో మొదటి రోజే చెప్పేయండి. "ఆయన ఫలానా చర్చిలో సేవకుడు, మేము ఇండియా నుంచి వచ్చాం" అంటే చాలు. స్నేహం కుదిరాక మెల్లగా చెబుదాంలే అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ దేశంలో అది చాలా చేటు చేస్తుంది. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో ఓమ్ షిన్రిక్యో అనే గుంపు సారిన్ విషవాయువు వదిలింది. అప్పటినుంచీ మతం పేరుతో తలుపు తట్టేవాళ్లంటే జనానికి గుండె దడే. 2022లో మాజీ ప్రధాని షింజో ఆబేని కాల్చి చంపిన మనిషి, తన తల్లి యూనిఫికేషన్ చర్చి అనే మతసంస్థకి ఆస్తంతా ధారపోసి ఇల్లు గుల్ల చేసిందన్న పగతో ఆ పని చేశానన్నాడు. ఆ సంస్థ మొదట తానెవరో చెప్పకుండా మనుషుల్ని దగ్గరికి చేర్చుకునేదన్న ఆరోపణ పాతదే, ఆ తర్వాత అది ఇంటింటా మాట్లాడుకునే మాటైంది. కాబట్టి పక్కింటావిడ నిన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేస్తే, అది నీ మీద కోపం కాదు. తన పిల్లల గురించి భయం. ఆ భయానికి మందు ఒక్కటే, దాపరికం లేకపోవడం.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకో సంగతి ఉంది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే పాదిరీ కగోషిమాలో దిగాక దక్షిణాన చాలామంది క్రీస్తుని నమ్ముకున్నారు. 1614లో దేశమంతటా క్రైస్తవానికి నిషేధం వచ్చింది. ప్రతి ఇల్లూ ఒక బౌద్ధాలయంలో పేరు రాయించుకుని తీరాలి. అయిదేసి ఇళ్లని ఒక జట్టుగా కట్టి, ఒక ఇంటివాళ్ల తప్పుకి అయిదిళ్లనీ బాధ్యుల్ని చేశారు. అంటే పొరుగువాడే పొరుగువాడికి కాపలా. నాగసాకి చుట్టుపక్కల కొన్ని కుటుంబాలు రెండు వందల ఏళ్లకి పైగా పాదిరీలు లేకుండా, ఇళ్లలోనే ప్రార్థనలు దాచుకుని, ఇంట్లోవాళ్లే బాప్తిస్మాలిచ్చుకుంటూ నిలబడ్డాయి. నిషేధపు బోర్డులు 1873లో గానీ దిగలేదు. ఇవాళ్టికీ క్రైస్తవులు నూటికి ఒకరు అటూ ఇటూ. అక్కడ ఒక గృహిణి ఆదివారం చర్చికి రావడం అంటే అత్తింటి సమాధుల్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న నుంచి వీధిలో పేరుపోవడం దాకా అన్నీ నెత్తినేసుకోవడమే. ఆవిడ తటపటాయిస్తే తొందరపెట్టకు.

ఇక దిగిన మొదటి వారం. ఎదురుగా మూడిళ్లు, అటూ ఇటూ ఒక్కో ఇల్లు, ఇంతమందినీ పలకరించడం అక్కడి ఆచారం. అపార్ట్‌మెంటైతే పైనా కిందా ఉన్నవాళ్లు కూడా. కుటుంబమంతా కలిసి వెళ్లండి. ఒక చేతి తువ్వాలో, చిన్న బిస్కెట్ల పెట్టెనో ఇస్తే సరిపోతుంది. ఖరీదైనదేదీ ఇవ్వొద్దు. పెద్ద కానుక తీసుకుంటే దానికి తగ్గది తిరిగివ్వాలి కదా అని వాళ్లకి అదొక బరువు. ఆ మొదటిసారి కరపత్రం చేతిలో పెట్టకు. పేరు, ఊరు, పని, "పిల్లలున్నారు, గోల చేస్తే దయచేసి చెప్పండి" అనే మాట, అంతే. పోస్టు డబ్బాల మీద ప్రకటనలు వేయొద్దని అంటించి ఉంటుంది, అలాంటివాటిలో చర్చి కాగితాలు కూడా వేయకూడదు.

చెత్త సంగతి చిన్నదనుకోకు. ఏ రోజు ఏది తియ్యాలో, ఏ సంచిలో పెట్టాలో నగరం వాళ్లు కాగితమిస్తారు. కాలేవి వేరు, ప్లాస్టిక్ వేరు, సీసాలూ డబ్బాలూ వేరు. సీసా మూత తీసి, చుట్టూ ఉన్న కాగితం ఒలిచి, కడిగి మరీ పెట్టాలి. ముందు రోజు రాత్రి పెట్టేస్తే కాకులు చీల్చి వీధంతా చేస్తాయి, అందుకే పొద్దున్నే తీసుకెళ్లి వలకింద పెట్టాలి. ఆ చెత్తచోటు ఊడ్చే వంతు ఇంటింటికీ తిరుగుతుంది. మీ వంతు రాగానే అల్లుణ్ణి పంపు. సేవకుడు చీపురు పట్టడం వీధి చూడాలి. మా వీధిలో ఒక పెద్దాయన మాతో మొదటిసారి నాలుగు మాటలు మాట్లాడింది ఆ వల మడతపెడుతున్నప్పుడే. అంతకుముందు తల ఊపి వెళ్లిపోయేవాడు.

చోనైకై అని వీధి సంఘం ఉంటుంది. అందులో చేరండి. దీపాలకీ, శుభ్రానికీ, విపత్తు సన్నాహాలకీ చందా వేస్తారు. అట్టకి గుచ్చిన నోటీసుల కాగితాలు ఇల్లిల్లూ తిరుగుతాయి, చదివి గుర్తు పెట్టి వెంటనే పక్కింటికి ఇవ్వాలి. భాష రాకపోతే అదే సాకుగా పక్కింటావిడని అడుగు, "ఇందులో ఏముంది?" అని. మన తెలుగులాగే వాళ్ల వాక్యంలోనూ క్రియ చివరికే వస్తుంది, మాట్లాడటం నువ్వనుకున్నంత కష్టం కాదు. చదవడమే కష్టం. సెప్టెంబరు 1న విపత్తు రక్షణ దినం, 1923 కాంటో భూకంపం వచ్చిన రోజు అది. ఆ ప్రాంతంలో కసరత్తులు పెడితే తప్పక వెళ్లండి. 2011 మార్చి 11 సునామీ సెండాయ్ తీరాన్ని ముంచింది. ఆ ఊళ్లో ప్రతి వీధిలో ఎవర్నో ఒకర్ని పోగొట్టుకున్నవాళ్లుంటారు. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆ రోజు గురించి అడక్కు. చెప్తే కూర్చుని విను. దేవుడెందుకు అలా జరగనిచ్చాడో వివరించబోకు.

వాళ్ల గుడి పండగకి కూడా అదే వీధి సంఘం చందా అడుగుతుంది, పల్లకీ మొయ్యడానికి మగవాళ్లని పిలుస్తుంది. పండగ రోజు దాకా ఆగి మొహం చాటెయ్యకండి. ముందే సంఘం పెద్దాయన ఇంటికెళ్లి, ఇది మా విశ్వాసం, గుడి చందా వెయ్యలేం, వీధి చందా మాత్రం మానం అని వినయంగా చెప్పండి. మర్నాడు పొద్దున వీధి శుభ్రం చేసే పని మాకివ్వండి అని అడగండి. అది ఎవరికీ ఇష్టం లేని పని, ఇచ్చేస్తారు.

గోడలు పల్చన. మన ఇంటి ప్రార్థనలు నీకు తెలుసు కదా, మీ నాన్న గొంతెత్తి స్తుతిస్తే నాలుగిళ్లకి వినపడుతుంది. అక్కడ రాత్రి తొమ్మిది దాటాక పాటలొద్దు. మోకాళ్ల మీద మెల్లగా చేసిన ప్రార్థనా దేవుడికి వినబడుతుంది. మన వంటల వాసన కూడా చూసుకోవాలి, తిరగమోత పెట్టేటప్పుడు పక్కవాళ్ల బట్టలు బాల్కనీలో ఆరుతున్నాయేమో చూడు. ఎండుచేపలు వేయించాలనుకుంటే వానరోజు చూసుకో!

అయినా వంటే నీకు మంచి దారి. మన ఊళ్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా, వాళ్లూ అంతే. నువ్వు ఒక గిన్నెలో కారం తగ్గించిన పప్పో, కూరో ఇస్తే, ఆ గిన్నె ముల్లంగి ఊరగాయతోనో, నాలుగు కమలాలతోనో తిరిగొస్తుంది. గుడ్డు, పాలు, పల్లీలు పడతాయో లేదో ముందు అడుగు. నెలకోసారి చాలు, రోజూ పంపితే వాళ్లు బాకీ పడ్డట్టు ఇబ్బందిపడతారు. చెప్పకుండా వెళ్లి బెల్లు కొట్టొద్దు, ముందు లైన్‌లో (మన వాట్సాప్‌లాంటి ఫోన్ యాప్) ఒక మెసేజ్ పెట్టు. "వీలైతే వస్తాను" అన్నారంటే రారని అర్థం చేసుకో, మళ్లీ గుర్తుచెయ్యకు.

మా పక్కింట్లో ఒక బామ్మగారు ఒంటరిగా ఉండేది. ఒకరోజు సున్నుండలు తీసుకెళ్లాను. ఆవిడ వాటిని రెండు చేతులతో అందుకుని, లోపలికెళ్లి, నల్లటి లక్క పూసిన చిన్న బీరువాలాంటి దానిముందు పళ్లెంలో పెట్టింది. బుత్సుదాన్ అంటారు, చనిపోయినవాళ్ల కోసం ఇంట్లో ఉంచే బౌద్ధ పీఠం. లోపల ముసలాయన ఫొటో. అగరొత్తి వెలిగించి, ఇత్తడి గిన్నెగంటని చిన్న కర్రతో ఒక్కసారి తట్టి, చేతులు జోడించింది. నేను తతామి (గడ్డి చాప) మీద తలవంచుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని మౌనంగా కూర్చున్నాను. గంట మోత పూర్తిగా ఆగాక, "ఆయనేం పని చేసేవారండీ?" అని అడిగాను. రైల్వేలో టికెట్లు చూసేవారట. ఆ సాయంత్రమంతా ఆయన గురించే చెప్పింది. తర్వాత టీ పెట్టి, పీఠం ముందున్న సున్నుండలే తెచ్చి నా ముందు పెట్టింది.

మన సంఘాల్లో ప్రసాదం సంగతి ఎంత వాదనో నీకు తెలుసు. నీకూ ఇది మొదటి నెలలోనే ఎదురవుతుంది. పౌలు కొరింథువాళ్లకి విగ్రహార్పితాల గురించి రాసిన అధ్యాయాలు మీ ఇద్దరూ వెళ్లకముందే కలిసి చదవండి. వడ్డించినదాన్ని ఏ విచారణా చెయ్యకుండా తినమనీ, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమనీ అన్నాడు. నేను తిన్నాను. ఆవిడ నాకు పెట్టింది ఆతిథ్యం, పూజలో వాటా కాదు. మా జపాను పాస్టరమ్మ మటుకు అలాంటి చోట తినదు, ముందే నవ్వుతూ చెప్పేస్తుంది, ఎవరూ నొచ్చుకోరు. మీరు ఏదనుకున్నా, పిల్లలకి కూడా చెప్పి ఉంచండి, వాళ్లు అక్కడ మీ మొహం వంక చూడాల్సిన పని లేకుండా. చావు ఇంటికి మాత్రం తప్పక వెళ్లాలి. అగరుపొడి వేసే వరస వచ్చినప్పుడు చాలామంది విశ్వాసులు తలవంచి మౌనంగా ప్రార్థించి, కుటుంబానికి నమస్కరించి వస్తారు. కవరులో డబ్బు పెడితే కొత్త నోట్లు పెట్టకూడదు, ముందే సిద్ధం చేసుకున్నట్టుంటుంది.

పిల్లల బడి మీకు పెద్ద తలుపు. చిన్నవాళ్లు పసుప్పచ్చ టోపీలతో గుంపుగా నడిచి వెళ్తారు, దారి మలుపుల్లో తల్లిదండ్రులు వంతులవారీగా జెండా పట్టుకుని నిలబడతారు. ఆ వంతు ఎగ్గొట్టకు. మీ ఇంటికి ఆడుకోవడానికి వచ్చిన పిల్లలకి వాళ్ల అమ్మానాన్నల్ని అడక్కుండా బైబిలు కథలు చెప్పొద్దు, ప్రార్థన చేయించొద్దు. భోజనానికి ముందు మీ పిల్లలు ప్రార్థన చేసుకుంటారు, చూస్తారు, అడుగుతారు, ఇంటికెళ్లి చెప్తారు. అప్పుడు వాళ్లమ్మే నిన్ను అడుగుతుంది. అలాగే ఇంగ్లీషు క్లాసు పెట్టాలని అల్లుడి ఆలోచనట. పెట్టండి, చాలా చర్చిలు పెడతాయి. చర్చి క్లాసు అని కాగితం మీదే రాయండి. చివర్లో బైబిలు చదివే సమయం ఉంటే అది ఎన్నింటికో, ఇష్టం లేనివాళ్లు ముందే వెళ్లిపోవచ్చనీ కూడా రాయండి. ఇంగ్లీషుకని పిలిచి వాక్యం కూర్చోబెట్టి వినిపిస్తే, మొదట్లో నేను రాసిన భయమంతా నిజమైపోతుంది.

మనం ఒంగోలు వాళ్లం, మనకిది కొత్త పాఠం కాదు. 1876-78 కరువులో మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అప్పుడు బాప్తిస్మం ఇమ్మని జనం వస్తున్నా, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మన సంఘాల్లో అందరూ ఆ 2,222 గురించే చెప్పుకుంటారు. నాకైతే అంతకుముందు ఆయన ఆగిన ఆ నెలలే గొప్ప. నువ్వు ఎవరి గుమ్మం ముందు మంచు తవ్విపెడతావో ఆ ముసలమ్మ, నువ్వు ఎవరికి ఆసుపత్రికి తోడెళ్తావో ఆ తల్లి, ఎన్నటికీ చర్చికి రాకపోయినా ఆ మంచు తవ్వాల్సిందే. ఇది మనసులో తేల్చుకోకుండా వెళ్తే రెండో శీతాకాలానికి అలసిపోతావు.

మన తెలుగువాళ్లలో విదేశ సేవకి ముందు వెళ్లినవాళ్లలో జాన్ రంగయ్యగారు ఉన్నారు. 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలో నేటాల్ వెళ్లారు, అక్కడి తోటల్లో మన కూలీలు ఉండేవాళ్లు. ఆయనకి భాష ఇబ్బంది లేదు. మీకుంటుంది. టోక్యోలో నిషికసాయ్ వైపు మనవాళ్లు బోలెడంతమంది, సెండాయ్‌లో అంత లేరు. ఇల్లు గుర్తొచ్చినప్పుడు పండక్కో పబ్బానికో వెళ్లి రండి, తెలుగులో ప్రార్థించుకోండి, అది అవసరం. కానీ మీ పాస్టరుగారు జపాను ఆయన, ఆయన మాట మీద నడవండి. ఏది చెయ్యాలో తెలియనప్పుడు మాకు ఫోన్ చేసే ముందు ఆయన భార్యని అడుగు.

చివరగా మన సంఘం సంగతి. చందా ఇచ్చేవాళ్లు "ఎంతమంది రక్షణ పొందారు, ఫొటోలు పంపండి" అంటారు, ప్రేమతోనే అంటారు. పక్కింటివాళ్ల ఫొటోలు, వాళ్ల ఇంటి కష్టాలు మన వాట్సాప్ గుంపుల్లో పెట్టకు. ప్రార్థన కోసమైనా సరే, పేర్లు రాయకు. వాళ్లకి తెలిస్తే ఇంకెప్పుడూ నోరు విప్పరు. మొదటి మూడు నాలుగేళ్లు లెక్కలు అడగొద్దని మీ మామయ్య సంఘ పెద్దలతో మాట్లాడతానన్నారు, వచ్చే ఆదివారం కమిటీ ఉంది. నువ్వు నెలకో ఉత్తరం రాయి, భాష ఎంతవరకు వచ్చిందో, పిల్లలెలా ఉన్నారో, చలి ఎలా ఉందో. అది నేనే సంఘంలో చదివి వినిపిస్తాను. సున్నుండల కోసం మినప్పిండి వేయించి కట్టి ఉంచాను, మీ అమ్మతో పంపుతున్నాను. నెయ్యి అక్కడే కొనుక్కో.

మీ అత్తయ్య