యూట్యూబ్‌లో పెట్టగానే వీడియో మసకబారుతోందా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

ఫోన్‌లో అద్దంలా కనిపించే వీడియో యూట్యూబ్‌లో పెట్టాక ఎందుకు మసగ్గా ఉంటోంది, ఏం చేస్తే బాగుపడుతుంది అని అడిగారు. ఇదే సమస్యతో నేను మూడు రాత్రులు కూర్చున్నాను.

మా మేనకోడలి కూచిపూడి రంగప్రవేశం. బావగారు సెలవు దొరకక డల్లాస్‌లోనే ఉండిపోయారు. కూతురి నాట్యం ఆయన ఇంట్లో పెద్ద టీవీలో హాయిగా చూడాలని నా ఆరాటం. లింకు పంపిన అరగంటకి ఫోన్ చేశారు. "ఏరా, తరంగంలో దాని పాదాలు కనిపించట్లేదురా" అన్నారు. పెట్టి చూస్తే నిజమే. ఇత్తడి పళ్లెం అంచు మీద కదులుతున్న పాదాలు, పారాణి, గజ్జెలు అన్నీ కలిసిపోయి గళ్లుగళ్లుగా ఎర్రటి ముద్దలా ఉన్నాయి. పిల్ల ఆగి భంగిమలో నిలబడగానే మాత్రం చీర జరీ పోగులతో సహా తేటగా కనిపించింది.

అసలు కారణం ఆ తేడాలోనే ఉంది. మనం పంపిన ఫైల్‌ను యూట్యూబ్ ఉన్నదున్నట్టు చూపించదు. దాన్ని మళ్లీ కుదించి, 144పీ (అంటే పైనుంచి కిందికి 144 చుక్కల వరుసలు) మొదలుకొని రకరకాల సైజుల్లో కాపీలు తయారు చేసుకుంటుంది. ఆ కాపీల్లో సెకనుకు వాడే డేటాకు ఒక పరిమితి ఉంటుంది. కదలని బొమ్మకు అది ధారాళంగా సరిపోతుంది. వేగంగా ఆడే పాదాలకు, పూలవానకు, స్టేజి మీది పొగకు చాలదు. చాలనప్పుడు వివరాలు పోయి గళ్లు మిగులుతాయి. తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో చుక్కలు చుక్కలుగా కదిలే నాయిస్ ఉంటుంది చూడండి, అది కూడా డేటాను తినేస్తుంది.

ఇందులో నా తప్పులు రెండున్నాయి. వీడియోగ్రాఫర్ ఊరికే చూసుకోమని వాట్సాప్‌లో పంపిన కాపీనే నేను అప్‌లోడ్ చేశాను. మామూలు వీడియోగా పంపితే ఫైల్ అక్కడే ఒకసారి కుదించుకుపోతుంది, ఆ తర్వాత యూట్యూబ్ రెండోసారి కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకుంటే 2 జీబీ దాకా మార్పు లేకుండా వస్తుంది. నన్నడిగితే పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఒరిజినల్ తెచ్చుకోండి. రెండోది తొందర. అప్‌లోడ్ పూర్తి కాగానే లింకు పంపేశాను. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ కాపీని సిద్ధం చేస్తుంది, హెచ్‌డీ, 4కే తర్వాత వస్తాయి, పెద్ద ఫైలైతే గంటలు పట్టొచ్చు. అందుకే ముందు అన్‌లిస్టెడ్‌లో (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) ఉంచి, గేర్ గుర్తు నొక్కితే పెద్ద సైజులన్నీ కనిపించాకే నలుగురికీ పంపండి. పైగా అదే లింకులో పాత ఫైల్ తీసేసి కొత్తది పెట్టే వీలు లేదు. మళ్లీ అప్‌లోడ్ చేస్తే లింకు మారిపోతుంది, చుట్టాలందరికీ మళ్లీ పంపుకోవాలి.

ఒరిజినల్ 1080పీ ఫైల్ పెట్టాక బాగా మెరుగుపడింది కానీ పాదాల దగ్గర ఇంకా తృప్తిగా లేదు. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిచాను. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) అన్నచోట ఏవీసీ1 అని ఉంది. అంటే పాత హెచ్.264 పద్ధతి. చిన్న ఛానెళ్ల 1080పీ వీడియోలకు చాలాసార్లు ఇదే వస్తుంది. 1440పీ, ఆపైన సైజుల్లో పెడితే వీపీ9 అనే మెరుగైన కోడెక్ వస్తుంది, అంతే డేటాలో ఎక్కువ వివరాలు నిలుస్తాయి. దాంతో డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో అదే వీడియోను 2560×1440కి పెంచి ఎక్స్‌పోర్ట్ చేశాను. సైజు పెంచితే కెమెరా పట్టని వివరాలు కొత్తగా పుట్టవు. పట్టినవి మాత్రం దారిలో పోకుండా ఉంటాయి. 1080పీలో చూసేవాళ్లకు కూడా చాలావరకు వీపీ9 కాపీయే అందుతుంది, కాబట్టి ఈ ఒక్క పనీ తప్పకుండా చేయండి.

ఎక్స్‌పోర్ట్‌కి ఎంపీ4, హెచ్.264 చాలు. బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) విషయంలో యూట్యూబ్ చెప్పేది సెకనుకు 30 ఫ్రేముల (బొమ్మల) దాకా 1080పీకి 8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 1440పీకి 16, 4కేకి 35 నుంచి 45. అది కనీసం అనుకుని నేను ఇంకాస్త ఎక్కువే ఇస్తాను. ఫ్రేమ్ రేట్ మాత్రం తీసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంచండి. 25ను 30 చేస్తే నడకలో కుదుపు వస్తుంది, నాట్యంలో అది వెంటనే కంటికి తగులుతుంది.

ఇంకా షూటింగ్ కాకపోతే ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. కల్యాణ మండపాల్లో కొన్ని లైట్ల కింద షటర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు పట్టే సమయం) 1/60 సెకనులో తీస్తే తెర మీద నీడల పట్టీలు పాకుతాయి. 25 లేదా 50 ఫ్రేములు, షటర్ 1/50 లేదా 1/100 పెట్టమని ముందే చెప్పండి.

మనం ఇంత చేసినా చూసేవాళ్ల వైపు 'ఆటో' ఉంటే నెట్ స్పీడును బట్టి క్వాలిటీ దిగిపోవచ్చు. బావగారి టీవీ 480పీలో ఆడుతోందని ఫోన్‌లో అడిగితే తెలిసింది. గేర్ గుర్తులోకి వెళ్లి 1440పీ ఎంచుకోమన్నాను. ఫోన్‌లో చూసేవాళ్లు క్వాలిటీలో 'హయ్యర్ పిక్చర్ క్వాలిటీ' నొక్కితే సరిపోతుంది.

తరంగం అయ్యేదాకా ఆయన లైన్‌లోనే ఉన్నారు, మాట్లాడలేదు. చివర్లో, "ఎడమ కాలి గజ్జె ఒక వరుస జారింది, అక్కడ ఎవరూ చూసుకోలేదా?" అని అడిగారు.