పాత స్కూల్ బస్సును ఆఫ్‌రోడ్ క్యాంపర్‌గా (రోడ్డు లేని చోట్లకీ వెళ్లే, లోపలే బస చేయగలిగే బండిగా) మార్చాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ (ముందు, వెనక చక్రాలన్నిటికీ ఇంజన్ బలం అందడం) తప్పనిసరా?

కాదు. అందరూ ముందు దాని గురించే టెన్షన్ పడతారు గానీ, మట్టిదారిలో బస్సును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది దాని పొడవు. వెనక చక్రాలు దాటి బాడీ ఎంత బయటికి ఉంటే, గుంతలోంచి పైకెక్కేటప్పుడు తోక అంత త్వరగా నేలకు తగులుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం ఎక్కువైతే మిట్ట మీద పొట్ట ఆనుతుంది. కాబట్టి పొట్టి బస్సే వెతకండి. కొనేముందు కిందికి దూరి తుప్పు చూడండి. ఇంజన్ బాగుచేసుకోవచ్చు, తుప్పు తినేసిన ఛాసిస్‌తో (బండి అడుగు చట్రంతో) మాత్రం పెట్టుకోవద్దు.

వెనక ఇరుసుకు లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలూ కలిసే తిరిగేలా చేసే భాగం), గట్టి పట్టున్న టైర్లు, ఒక వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే యంత్రం) ఉంటే చాలా దారులు దాటొచ్చు. అయితే టైర్లు మరీ పెద్దవి వేస్తే బండి లాగే బలం తగ్గుతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవే కావాలంటే ముందు ఇరుసు మార్చాలి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే భాగం) పెట్టాలి. ఆ ఖర్చు పాత బస్సు ధరను మించిపోవచ్చు.

లోపల టైల్స్ జోలికి పోకండి. ఎగుడుదిగుడుల్లో ఛాసిస్ మెలితిరుగుతుంది, అవి పగులుతాయి. పలచటి ప్లైవుడ్, వంగే నీళ్ల పైపులు నయం. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు, ఆ ట్యాంకు ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి ఉండాలి.