పాత మోటర్‌హోముకు విడిభాగాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాక నిరుడు 1976 నాటి జీఎంసీ మోటర్‌హోము (లోపలే ఇల్లులా ఉండగలిగే బండి) ఒకటి కొన్నాను. 26 అడుగుల బండి. ఇంజను బాగానే ఉంది గాని రబ్బరు సామానంతా మార్చాలని మెకానిక్ చెప్పారు. ఇక్కడ ఒక పెద్దాయన తన షెడ్డు ఖాళీ చేస్తూ, 1977లో కొని సీలు కూడా విప్పని బ్రేకు హోసులు, పెట్రోలు హోసులు, బ్రేకు షూలు, వెనక చక్రాల గాలి సంచులు, వాటితో పాటు కొన్ని ఇనుప, అల్యూమినియం భాగాలు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తానంటున్నారు. అసలైన కంపెనీ మాలు కదా, తీసుకోవచ్చునా? నా 16.5 అంగుళాల రిమ్ములకు టైర్లు దొరకడం లేదు. 16 అంగుళాల టైర్లు ఎక్కించుకోవచ్చునని ఒకరు అన్నారు. అది నిజమేనా?
— ఒక పాఠకుడు, ఒహాయో, అమెరికా

సమాధానం: మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది. 16.5 అంగుళాల రిమ్ము మీదికి 16 అంగుళాల టైరు ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కించవద్దు. టైరు అంచు రిమ్ము మీద ఆనుకునే చోట, 16 అంగుళాల రిమ్ముకు వాలు 5 డిగ్రీలు ఉంటే, 16.5 అంగుళాల రిమ్ముకు 15 డిగ్రీలు ఉంటుంది. టైరు రిమ్ములోకి దిగినట్టే కనిపిస్తుంది గాని అంచు సరిగా కూర్చోదు. కూర్చోబెట్టాలని గాలి పెంచుతూ పోతే అంచులోని ఉక్కు తీగ తెగి, గాలి కొడుతున్న మనిషి ముఖం మీదే టైరు పేలుతుంది. ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. మీకు ఆ సలహా ఇచ్చినవారికి కూడా ఈ సంగతి చెప్పండి.

సరైన దారి రిమ్ములతో సహా మార్చడమే. ఎనిమిది బోల్టుల 16 అంగుళాల చక్రాలు ఈ బండికి దొరుకుతాయి. వాటికి ఎల్‌టీ 225/75 ఆర్ 16 కొలత టైర్లు, ఎక్కువ బరువు మోసే రకంలో, అమెరికాలో ఏ టైర్ల దుకాణంలోనైనా ఉంటాయి. ముందు రెండు, వెనక ఒక్కో పక్క ఒకదాని వెనక ఒకటిగా రెండేసి కలిపి మొత్తం ఆరు చక్రాలు, స్టెప్నీతో ఏడు. కొనే ముందు రిమ్ము మీద పోసిన బరువు అంకె చదవండి, ముందు చక్రం లోపల డిస్కు బ్రేకుకు తగలకుండా చోటు ఉందో లేదో ఒక్కదాన్ని బిగించి చూడండి, ఆ తరవాతే మిగిలినవి తెప్పించుకోండి. టైరు పక్కన డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలోని చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారమని అర్థం. దుకాణంలో కొత్తగా మెరుస్తున్న టైరు కూడా అక్కడే ఆరేళ్లుగా పడి ఉన్నదై ఉండవచ్చు.

ఇక పెద్దాయన ఇస్తానన్న సామాను విషయం. పాత బండికి సామాను కొనేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది. ఇనుము వయసు అది తిరిగిన మైళ్లను బట్టి ఉంటుంది, రబ్బరు వయసు అది పుట్టిన రోజును బట్టి ఉంటుంది. సీలు విప్పకపోయినంత మాత్రాన రబ్బరు ముసలిది కాకుండా ఆగదు. నేను నా బండికి మొదటి ఏడాది ఇలాగే కంపెనీ పేరున్న పెట్రోలు హోసు ఒకటి సంచిలోనే ఉన్నది కొన్నాను. పైకి నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. బిగించే ముందు ఎందుకో బొటనవేలి చుట్టూ వంచి చూశాను. ఎండిన చెరువు అడుగున మట్టి విచ్చినట్టు సన్నని బీటలు వంపు పొడవునా తేలాయి, గోటితో గీరితే నల్లని పొడి రాలింది. దాన్ని అలాగే బిగించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఈ బండిలో ఆ హోసులు పెట్రోలు ట్యాంకుల పైభాగంలో, కంటికి కనబడని చోట ఉంటాయి. ట్యాంకులు దింపితే తప్ప అవి కారుతున్న సంగతి బయటపడదు.

దానికి తోడు, ఈనాడు అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తుంది. 1970లలో చేసిన రబ్బరును ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. కాబట్టి హోసులు ఇప్పటివే కొనండి, వాటి మీద ఇథనాల్‌ను తట్టుకునే రకానికి గుర్తైన 30ఆర్9 అనే ముద్ర ఉందో లేదో చూసి కొనండి. ఎలాగూ ట్యాంకులు దింపుతారు కనుక ఉన్న హోసులన్నీ ఒక్కసారే మార్చేయండి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే అదే పని మళ్లీ మొదటినుంచీ చేసుకోవలసి వస్తుంది.

బ్రేకు హోసులు, గాలి సంచులు కూడా ఇదే లెక్కన వద్దు. వెనక రెండు చక్రాల మధ్య పక్కకొకటి చొప్పున ఉండే ఆ గాలి సంచుల మీదే బండి వెనక బరువంతా ఆనుతుంది. వీటికి ఇప్పటికీ కొత్తవి చేసి అమ్మేవారు ఉన్నారు. బ్రేకు షూలు మరో కారణంగా వద్దు. ఆ కాలంలో లైనింగులకు ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేసే కీడు మీకు తెలిసిందే.

అయితే ఆ సామానంతా వదిలేయమని నేను చెప్పడం లేదు. ఇనుప, అల్యూమినియం భాగాల జాబితా అడగండి. వెనక చక్రాలను మోసే ఇనుప చేతులు, కిటికీల అల్యూమినియం చట్రాలు, వెనక దీపాల గూళ్లు, కింది ఫైబర్‌గ్లాసు పలకలు, ముందు అద్దాలు వంటివి మరే బండి నుంచీ రావు. 1973 నుంచి 1978 మోడల్ వరకు మిషిగన్‌లోని పాంటియాక్‌లో తయారైన ఈ బండ్లు మొత్తం 13 వేలకు లోపే. ఈ సామానులో మంచివి ఉంటే రబ్బరు సామానుకు ఇచ్చే ధర తీసేసి బేరమాడండి. పెద్దాయన మోసం చేస్తున్నారని అనుకోవద్దు. దాచిన సామానును ఆయన కూడా మీలాగే ప్రేమతో దాచి ఉంటారు, అందుకే కారణం చెప్పి అడిగితే ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఇంజను, గేరుబాక్సు సంగతి ఇంకోలా ఉంటుంది. మీ 1976 బండిలో ఉండవలసినది ఓల్డ్స్‌మొబీల్ అనే కార్ల కంపెనీ 455 ఇంజను (అంకె ఘనపు అంగుళాల్లో దాని సైజు). 1977లో దాని స్థానంలో 403 వచ్చింది. ఇన్నేళ్లలో ఎవరైనా మార్చి ఉండవచ్చు కనుక ఇంజను మీది అంకెలు చూసి నిర్ధారించుకోండి. మామూలు విడిభాగాల దుకాణంలో మోటర్‌హోము అంటే కంప్యూటరులో లేదని పంపేస్తారు. అదే ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో కారు, 455 ఇంజను అని అడిగితే స్పార్కు ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ఆయిల్ ఫిల్టరు వంటివి దొరుకుతాయి. ముందు చక్రాలు తిప్పే యంత్రాంగమంతా ఆ కారు నుంచి వచ్చినదే. కాని గేరుబాక్సు పక్కనుండే డిఫరెన్షియల్‌ను (చక్రాలకు శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టెను) మాత్రం ఆ కారుదే కదా అని తెచ్చి పెట్టకండి. మన బండికి దానిలోని పళ్లచక్రాల నిష్పత్తి 3.07 ఉంటుంది, చాలా టొరొనాడోలకు వేరే నిష్పత్తి ఉంటుంది. బోల్టులు సరిపోయినా బండి ఘాట్ రోడ్డు ఎక్కలేక ఆయాసపడుతుంది.

మరొక్క మాట. కార్బ్యురేటరు, బ్రేకు కాలిపర్ వంటివి బాగుచేసినవి కొన్నప్పుడు, పాతది తిరిగి ఇస్తే ధరావతు వెనక్కి ఇస్తారు. ఆ డబ్బుకు ఆశపడి మీ పాత భాగాన్ని వెంటనే పంపకండి. వచ్చినది బిగించి, నడిపి, మీ కార్బ్యురేటరు మీది అంకెకూ దాని మీది అంకెకూ సరిపోయిందని తేలాకనే పంపండి. ఒకసారి చెయ్యి దాటిన అసలు భాగం మళ్లీ దొరకదు.

ప్రశ్న: మా పాత మోటర్‌హోములో గ్యాసుతో నడిచే ఫ్రిజ్ చల్లబడటం లేదు. అదే కాలం నాటి సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ ఒకటి చవకగా వస్తోంది. కొనమంటారా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

సమాధానం: వద్దమ్మా. గ్యాసు మంట, అమ్మోనియా రెండూ ఉన్న పెట్టెను, దాని చరిత్ర తెలియకుండా, మనుషులు పడుకునే చోట పెట్టుకోకూడదు. గ్యాసు రెగ్యులేటరు, హోసు, లీకు పసిగట్టే అలారం కూడా ఎప్పుడూ కొత్తవే కొనాలి. ఫ్రిజ్ పట్టే గూడు వెడల్పు, ఎత్తు, లోతు మూడూ పైనా కిందా రెండు చోట్ల కొలిచి, 12 వోల్టులతో నడిచే కంప్రెసరు ఫ్రిజ్ చూడండి. అయితే అది బ్యాటరీని బాగా తాగుతుంది. పాత గ్యాసు పైపును తెలిసినవారి చేత మూయించి, లీకు పరీక్ష చేయించాకే కొత్తది పెట్టించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ పనివాళ్లు బాగా తెలుసు. నేను కాలిఫోర్నియాలో పాత మోటర్‌హోము బాగుచేసుకుంటున్నాను. దొరకని భాగాలను సెలవులకు వచ్చినప్పుడు అక్కడ లేత్ మీద చేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు

సమాధానం: ఎంతో మంచి ఆలోచన. బస్సు బాడీ మొత్తం చేత్తో కట్టే ఊరది. తలుపు కీళ్లు, బ్రాకెట్లు, కిటికీ గొళ్లాలు, పరదా పట్టాలు, బల్ల కాళ్ల బుష్షులు అక్కడివారు కళ్లు మూసుకుని చేసిపెడతారు. స్టీరింగు, బ్రేకు, చక్రాల హబ్బు, గ్యాసు పైపులకు సంబంధించినవి మాత్రం చేయించవద్దు. పనివాడి చేతిమీద అనుమానంతో కాదు, ఏ ఉక్కు వాడారో, దాన్ని ఎలా కాల్చి గట్టిపరిచారో రుజువు చేసే కాగితం ఉండదు కనుక చెబుతున్నాను. ఫోటో ఒక్కటే తెస్తే పని జరగదు. అరిగిన భాగమే వెంట తెచ్చి, అరగని చోట కొలిపించండి. బోల్టుల మరలు మీ బండికి అంగుళాల లెక్కలో ఉంటాయి, అక్కడ మామూలుగా తీసేది మిల్లీమీటర్ల మర. కనుక ఆ భాగంలోకి ఎక్కే బోల్టు కూడా ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి.