అన్నంలో నెయ్యి వేసుకుంటే షుగర్ పెరగదా?

నెయ్యి కలుపుకుని తింటే అన్నం వల్ల షుగర్ పెరగదని విన్నాను, నిజమేనా అని అడిగారు కదండీ. సగం నిజం. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా టైప్ 2 షుగర్. గుంటూరులో మా ఇంట్లో గ్లూకోమీటర్ అన్నం తినే బల్ల మీదే ఉంటుంది, కాబట్టి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఆయన చారన్నం తింటే గంటకల్లా రీడింగ్ ఎగబాకుతుంది. అంతే అన్నం ముద్దపప్పు, చెంచాడు నెయ్యితో తింటే గంటకు తక్కువే చూపిస్తుంది (ఇందులో పప్పు వాటా కూడా ఉంది, అంతా నెయ్యి గొప్పే కాదు). కానీ మూడు గంటలప్పుడు చూస్తే ఇంకా దిగకుండా అక్కడే ఉంటుంది.

ఎందుకంటే కొవ్వు చిన్నపేగులోకి దిగాక లైపేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. పేగు గోడలోని కణాలు వాటిని పసిగట్టి హార్మోన్లు వదులుతాయి. వాటిలో సీసీకే అనే హార్మోన్ వల్ల కడుపులోంచి అన్నం మెల్లగా కిందికి దిగుతుంది, గ్లూకోజ్ కూడా మెల్లగానే రక్తంలో చేరుతుంది. జీఐపీ, జీఎల్‌పీ-1 అనే మరో రెండు హార్మోన్లేమో గ్లూకోజ్ పెరిగినప్పుడు క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ వదిలిస్తాయి. గ్లూకోజ్ సెలైన్‌లో ఎక్కించినప్పటికంటే నోటితో తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువ వచ్చేది వీటివల్లే. అయితే జీఎల్‌పీ-1 సుమారు 2 నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది, డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. డాక్టర్లు రాసే సిటాగ్లిప్టిన్ లాంటి మాత్రలు అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే. పైగా టైప్ 2 వచ్చాక జీఐపీ మాట క్లోమం సరిగ్గా వినదు. అందుకే భారమంతా నెయ్యి మీద వేయకండి.

కొవ్వు అన్నంకంటే ముందే పేగుకు చేరితే పని ఇంకా బాగుంటుంది. టైప్ 2 ఉన్నవాళ్లకు బంగాళదుంప ముద్ద పెట్టే అరగంట ముందు 30 మి.లీ. ఆలివ్ నూనె ఇచ్చి చూస్తే షుగర్ ఆలస్యంగా పెరిగింది. కానీ ఆ నూనెలోనే దాదాపు 250 కేలరీలు! అందుకే నాన్నగారికి భోజనానికి ముందు కాసిని వేయించిన పల్లీలు, గిన్నెడు కూర పెడుతున్నాం. నూనె తాగించడంకంటే ఇది ఎంతో నయం.

కొవ్వు మితిమీరితే మాత్రం ఎదురు తిరుగుతుంది. విజయవాడలో బంధువుల పెళ్లిలో రాత్రి బిర్యానీ తిన్నాక పడుకునే ముందు రీడింగ్ బాగానే ఉంది, తెల్లారి పరగడుపున చూస్తే ఎప్పటికంటే బాగా ఎక్కువ. రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు మరి. మీరు కూడా నెయ్యి వేసుకున్న రోజు రెండు గంటలకే కాదు, నాలుగు గంటలకు కూడా చూసుకోండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే ఆ రీడింగులు డాక్టరుకు చూపించకుండా మోతాదు మార్చకండి.