టెక్ సందేహాలు: ఫాక్స్‌ప్రో ఆగింది, ఖాతాలు ఆగలేదు

ఫాక్స్‌ప్రో లాంటి పాత డేటాబేస్ ప్రోగ్రాములు, అంటే జాబితాలు, లెక్కలు దాచుకునేవి, కొత్త కంప్యూటర్లలో సరిగ్గా పనిచేయడం లేదంటూ వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఇలాంటి ఫైళ్లలో ఒక్కోసారి ఒక కుటుంబం ముప్పై ఏళ్ల వ్యాపారం ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో మాది స్పేర్ పార్ట్స్ షాపు. 1996లో నాన్నగారు ఒకాయన చేత డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) ఫాక్స్‌ప్రోలో స్టాకు, అరువు ఖాతాల ప్రోగ్రామ్ రాయించారు. జీఎస్టీ బిల్లులు వేరే సాఫ్ట్‌వేర్‌లో కొడుతున్నాం గానీ, ఏ పార్టు ఏ అరలో ఉందో, ఎవరు ఎంత బాకీయో ఇప్పటికీ దీంట్లోనే చూస్తాం. పాత విండోస్ 7 కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. కొత్తది విండోస్ 11. ప్రోగ్రామ్ నొక్కితే ఈ పీసీలో నడవదంటోంది. రాసినాయన ఇప్పుడు లేరు. ఏం చెయ్యాలి? - విజయవాడ నుంచి ఒక ఉత్తరం

పోయింది మదర్‌బోర్డే, హార్డ్‌డిస్కు కాదు కదా! దాన్ని తీయించి యూఎస్‌బీ కేసులో పెట్టి, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని రెండు చోట్ల కాపీ చేసుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఖాతాల పట్టికలుండే డీబీఎఫ్ ఫైళ్లను మాత్రమే ఏరి తెచ్చుకోవద్దు. పక్కన సీడీఎక్స్, ఐడీఎక్స్ అని ఉండేవి ఇండెక్సులు. అవి పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. ఎఫ్‌పీటీ ఉంటే మాత్రం అది ప్రాణం. మెమోలు అనే పొడుగాటి రాతలన్నీ దాంట్లో ఉంటాయి. చాలా ఏళ్ల కిందట ఒక ఎరువుల కొట్టుకు సాయం చేయబోయి నేను డీబీఎఫ్‌లు మాత్రమే తెచ్చుకున్నాను. ఖాతా తెరవబోతే మెమో ఫైల్ లేదని ఆగిపోయింది. వెనక్కి వెళ్లేసరికి పాత డిస్కు ఫార్మాట్ చేసేశారు. ఏ రైతు ఎప్పుడు ఇస్తానన్నాడో రాసుకున్న మాటలన్నీ ఆ ఎఫ్‌పీటీలోనే ఉండేవి. అవి మళ్లీ దొరకలేదు.

ఇక ప్రోగ్రామ్ సంగతి. డాస్ కాలపు ప్రోగ్రాములు 16 బిట్ అనే పాత పద్ధతిలో మొదలవుతాయి. 32 బిట్ విండోస్‌లో వాటి కోసం ఎన్‌టీవీడీఎం అనే ఏర్పాటు ఉండేది. 64 బిట్ విండోస్‌లో అది లేదు. మీ పాత విండోస్ 7 బహుశా 32 బిట్‌దే అయ్యుంటుంది, అందుకే ఇన్నాళ్లూ నడిచింది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కాబట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. 32 బిట్ విండోస్ 10 వేయించుకోమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది.

కొత్త విండోస్‌లోనే ఒక చిన్న డాస్ యంత్రాన్ని సృష్టించే ప్రోగ్రాములున్నాయి. అందరికీ తెలిసిన డాస్‌బాక్స్ ఆటల కోసం తయారైంది. దాంట్లో లెక్కల పుస్తకం నడపడం నాకు ఇష్టం లేదు, రెండు కౌంటర్లు ఒకే ఫైల్ తెరిచే చోట అసలే వద్దు. వీడాస్ అనేది ఆఫీసు పనుల డాస్ ప్రోగ్రాముల కోసమే వచ్చింది. ప్రోగ్రామ్ ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటర్ పోర్టుకు పంపే ప్రింటును పట్టుకుని విండోస్ ప్రింటర్‌కు అందిస్తుంది. ముందు దీన్నే ప్రయత్నించండి, అదీ కాపీ చేసుకున్న ఫోల్డర్ మీద. ఒక పాత ఖాతా తెరవండి, ఒక ఎంట్రీ వేయండి, ఒక స్టేట్‌మెంట్ ప్రింట్ తీయండి. ఈ మూడూ సరిగ్గా వస్తేనే అసలు డేటా మీదకు వెళ్లండి.

తెరవగానే సున్నాతో భాగించలేమనే ఎర్రర్ రావచ్చు. ఫైలు పాడైందని కంగారు పడకండి. ఆనాటి ఫాక్స్‌ప్రో మొదలవుతూనే ఒక చిన్న లూపు తిప్పి కంప్యూటర్ వేగాన్ని కొలుచుకునేది. ప్రాసెసర్లు వేగం పెరిగేసరికి ఆ లూపుకు పట్టిన కాలం దాని కొలతకు సున్నాగా కనబడింది, ఆ సున్నాతోనే భాగించబోయింది. పెంటియం 2 రోజుల్లోనే ఈ గొడవ మొదలైంది, అప్పట్లోనే ప్యాచ్‌లు వచ్చాయి. డాస్‌బాక్స్ రకం ప్రోగ్రాముల్లో సైకిల్స్ అనే సెట్టింగ్ తగ్గిస్తే వేగం తగ్గి ఎర్రర్ పోతుంది.

ఇది కూడా కుదరకపోతే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో 32 బిట్ విండోస్ ఉంచి, దానికి ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి వాడుకోవచ్చు.

అయితే మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు వేరే ఆలోచన వచ్చింది. మీకు కావాల్సింది అర నంబర్లు, బాకీలు. వాటి కోసం ఆ ప్రోగ్రామే నడవాలని లేదు. డీబీఎఫ్ తాళం వేసిన ఫైల్ కాదు. మొదట కాలమ్‌ల పేర్లు, ఒక్కోదాని వెడల్పు ఉంటాయి. ఆ తర్వాత రికార్డులన్నీ ఒకే పొడవుతో వరసగా ఉంటాయి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో నేరుగా తెరుచుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొట్టిన రికార్డు వెంటనే చెరిగిపోదు. దాని ముందు నక్షత్రం గుర్తు పడుతుంది, ప్యాక్ అనే కమాండ్‌తో తీసేసేదాకా ఫైల్లోనే ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోని సాధనంతో తీస్తే ఎప్పుడో తీరిపోయిన బాకీ మళ్లీ లేచి కూర్చుంటుంది. అందుకని వీడాస్‌లో ప్రోగ్రామ్ నడిచినన్నాళ్లలోనే ఖాతాదారుల మొత్తం జాబితా ఒకటి ప్రింట్ తీసి, కొత్త షీట్‌లోని మొత్తంతో సరిచూసుకోండి. రూపాయి తేడా వచ్చినా అక్కడే ఆగి వెతకండి.

కరీంనగర్ జిల్లాలో ఓ పరపతి సంఘంలో పనిచేస్తున్నాను. పాత సభ్యుల పేర్లు జిస్ట్ కార్డు వేసిన కంప్యూటర్లో తెలుగులో ఎక్కించారట. ఆ డీబీఎఫ్ ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. డేటా పాడైనట్టేనా? - కరీంనగర్ జిల్లా నుంచి ఒక ఉత్తరం

చాలావరకు పాడై ఉండదు. ఎక్సెల్‌లో తెరిచినదాన్ని మాత్రం సేవ్ చేయకండి, అప్పుడు నిజంగానే పాడవొచ్చు.

జిస్ట్ అనేది కేంద్ర ప్రభుత్వ సీడాక్ సంస్థ సాంకేతికత. ఆ కార్డును కంప్యూటర్‌లో బిగిస్తే డాస్ తెర మీద తెలుగు కనిపించేది. అక్షరాలు దాచింది ఇస్కీ అనే భారతీయ ప్రమాణంలో, అది 1991లో ఐఎస్ 13194గా స్థిరపడింది. దాంట్లో అక్షరాలన్నీ 161 నుంచి 250 మధ్య సంఖ్యలు. రామయ్య అన్న పేరు 207, 218, 204, 205, 232, 205 అని ఆరు బైట్లుగా ఉంటుంది: ర, దీర్ఘం, మ, య, పొల్లు, య. మనం పలికే వరసే. మీరు చూస్తున్న పిచ్చి గుర్తులు ఈ సంఖ్యలే, ఎక్సెల్ వాటిని వేరే భాష అనుకుని చదువుతోంది.

మంచి సంగతేమిటంటే విండోస్‌కు ఈ లిపి ఇప్పటికీ తెలుసు. ఇస్కీ తెలుగుకు దాని కోడ్ పేజీ నంబర్ 57005. ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసిన కుర్రవాడెవరైనా విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్‌లో డీబీఎఫ్ బైట్లను ఈ నంబరుతో చదివించి, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లోకి మార్చగలడు. మొదట ఇరవై పేర్లు మార్చి, పాత సభ్యుల రిజిస్టరు పక్కన పెట్టుకుని చదవండి. వత్తులు సరిగ్గా వచ్చాయంటే మిగతావీ వస్తాయి.

మార్చిన పేర్లను తిరిగి అదే డీబీఎఫ్‌లో పెట్టించకండి. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. రామయ్యకే 18 అవుతాయి. పాత పట్టికలో పేరుకు 20 బైట్ల గడి ఉందనుకుంటే ఇంటిపేరుతో సహా ఇమడదు, సగంలో తెగిపోతుంది. కొత్త పట్టిక కట్టించుకోవాల్సిందే. ఇస్కీలో చదివినా పొంతన లేని అక్షరాలే వస్తే, అది ఏదో పాత విండోస్ ఫాంటుతో ఎక్కించిన డేటా అయ్యుండొచ్చు. అప్పుడు ఆ ఫాంటు పేరు తెలిస్తేనే పని జరుగుతుంది.

మా ఆఫీసులో విజువల్ ఫాక్స్‌ప్రో 9 ప్రోగ్రామ్ విండోస్ 11లో బాగానే తెరుచుకుంటోంది. కానీ ఒకే కంప్యూటర్లో పొద్దున నేను వేసిన ఎంట్రీలు, సాయంత్రం మా అకౌంటెంట్ లాగిన్‌లో కనిపించడం లేదు. - వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

ఎంట్రీలు ఎక్కడికీ పోలేదమ్మా. విజువల్ ఫాక్స్‌ప్రో 32 బిట్‌ది కాబట్టి కొత్త విండోస్‌లో నడుస్తుంది, మైక్రోసాఫ్ట్ సపోర్ట్ మాత్రం 2015 జనవరి 13తోనే అయిపోయింది. మీ ప్రోగ్రామ్, డేటా రెండూ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉన్నట్టున్నాయి. అక్కడ మామూలు యూజర్‌ను విండోస్ రాయనివ్వదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా, చెప్పాపెట్టకుండా ఆ ఫైలుకు ఆ యూజర్ పేరు మీద వేరే కాపీ తయారుచేస్తుంది. మీదొకటి, అకౌంటెంట్‌దొకటి. ఇద్దరూ వేర్వేరు పుస్తకాల్లో రాస్తున్నారు.

ఇద్దరూ ఇప్పుడే ప్రోగ్రామ్ మూసేయండి. ఒక్కొక్కరి యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్ తెరిస్తే ఆ కాపీలు కనిపిస్తాయి. యాప్‌డేటా దాగి ఉంటుంది, దాగిన ఫైళ్లు చూపించే ఆప్షన్ పెట్టుకోండి. ఒకదాని మీద ఇంకొకటి కాపీ చేస్తే ఒకరి పని తుడిచిపెట్టుకుపోతుంది. రెండింటినీ విడిగా దాచి, తేదీల వారీగా ఒకరివి మాత్రమే ఉన్న ఎంట్రీలను ఏరి, ఫాక్స్‌ప్రోలోని అపెండ్ ఫ్రమ్ కమాండ్‌తో కలిపించండి. ఇద్దరి దగ్గరా ఒకే వోచర్ నంబర్లు పడి ఉంటాయి, వాటికి కొత్త నంబర్లు ఇవ్వాలి. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ను సీ డ్రైవ్‌లో విడి ఫోల్డర్‌లోకి మార్చి, ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి ఇద్దరికీ ఇవ్వండి. పాత కాపీలను ఈ ఆర్థిక సంవత్సరం ఆడిట్ అయ్యేదాకా చెరపకండి.