జపాన్‌లో నాకు అన్నిటికన్నా కష్టమైంది పాపని ఒక్కదాన్నే స్కూల్‌కి పంపడం

జపాన్‌లో ఉండే తెలుగువాళ్ళకి అక్కడి రోజువారీ జీవితంలో అలవాటు పడటానికి ఏది కష్టం అని అడిగారు కదా. భాష, తిండి, చెత్త వేరు చేయడం అని చాలామంది చెప్తారు, కానీ అవన్నీ ఏడాదిలో వచ్చేస్తాయండి, ఏ రోజు ఏ చెత్త తీసుకెళ్తారో చెప్పే క్యాలెండర్ ఫ్రిజ్‌కి అంటించుకుని రోజూ పొద్దున్న చూసుకుంటే సరిపోతుంది. నాకు కష్టమైంది మాత్రం ఆరేళ్ళ పిల్లని ఒక్కదాన్నే రోడ్డు మీదకి పంపడం.

మేం టోక్యోలో నిషికసాయి దగ్గర ఉంటాం, ఇండియా వాళ్ళు బాగా ఉండే ఏరియా. చాలామంది పిల్లల్ని ఇండియన్ స్కూల్లో వేస్తారు, మేం మాత్రం మామూలు జపనీస్ గవర్నమెంట్ స్కూల్లో వేశాం. ఇక్కడ కొత్త క్లాసు ఏప్రిల్‌లో మొదలవుతుంది. దానికి ముందు పని ఎంతుంటుందంటే, స్కూల్ నుంచి వచ్చే కాగితాలన్నీ జపనీస్‌లోనే, లెక్కలు నేర్పే డబ్బా ఒకటి ఇస్తారు, అందులో ఉన్న ఒక్కో బిళ్ళ మీదా ఒక్కో పుల్ల మీదా పేరు అంటించాలి, మా ఇంటిపేరు కటకానాలో (బయటి దేశాల పేర్లు రాసే జపనీస్ లిపి) రాస్తే తొమ్మిది అక్షరాలు! రెండు రాత్రులు కూర్చున్నాను. ఒక్క విషయం మాత్రం హాయిగా అనిపించింది, వీళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ కాగితాల్లోనే ఇంకోటి ఉంది, ఇంటి నుంచి స్కూల్‌కి పిల్ల ఏ దారిన వస్తుందో మ్యాప్ గీసి ఇవ్వాలి. పిల్ల అంటే మనం తీసుకెళ్ళడం కాదు, అదే నడిచి రావాలి, ఆ దారినే రావాలి.

విజయవాడలో నేను స్కూల్ ఆటోలో వెళ్ళేదాన్ని, బ్యాగులన్నీ బయట కొక్కేలకి వేలాడుతూ ఉండేవి, గేటు దగ్గర మా అమ్మ నిలబడి ఉండేది. అందుకని వీడియో కాల్‌లో మా అత్తయ్యగారు "ఆడపిల్లని ఒక్కదాన్నే వదిలేస్తారా, మీకేమైనా మతి పోయిందా" అని అరిస్తే నాకు కోపం రాలేదు, నాకూ లోపల అదే ఉంది. మొదటి రెండు వారాలు వెనకాలే కాస్త దూరంగా నడిచాను. పసుపు టోపీ, పసుపు కవర్ వేసిన రాన్‌దోసెరు, అంటే ఇక్కడి పిల్లలు వీపున వేసుకునే గట్టి స్కూల్ బ్యాగ్, వెనక నుంచి చూస్తే బ్యాగే నడుస్తున్నట్టు ఉండేది. సిగ్నల్ దగ్గర పసుపు జెండా పట్టుకుని రోజూ ఒక పెద్దాయన నిలబడతారు, ఒక్కో పిల్లకీ గుడ్ మార్నింగ్ చెప్తారు, నన్ను చూసి తల వంచి నమస్కారం పెట్టేవారు, ఎందుకు వస్తున్నావని ఒక్కరోజు కూడా అడగలేదు.

తర్వాత వెళ్ళడం మానేశాను. జూన్‌లో వానాకాలం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికల్లా రావాల్సిన పిల్ల మూడుంపావు అయినా రాలేదు. బాల్కనీలోంచి చూస్తే గొడుగులే గొడుగులు, మా పాపది లేదు. గొడుగు కూడా తీసుకోకుండా, చెప్పులు సరిగ్గా వేసుకున్నానో లేదో కూడా తెలీకుండా పరిగెత్తాను. దారి సగంలో ఒక బియ్యం కొట్టు ఉంది, దాని అద్దం మీద 'పిల్లల 110 ఇల్లు' అని స్టిక్కర్ ఉంటుంది. 110 అంటే ఇక్కడ పోలీస్ నంబర్. పిల్లలకి దారిలో భయం వేసినా, ఎవరైనా వెంటపడినా ఆ స్టిక్కర్ ఉన్న ఇంట్లోకో కొట్లోకో దూరిపోవచ్చు, స్కూల్లో మొదట్లోనే నేర్పిస్తారు. లోపల మా పాప స్టూల్ మీద కూర్చుని ఉంది, మెడ చుట్టూ టవల్, చేతిలో బార్లీ టీ గ్లాసు. జరిగింది ఏమిటంటే ఆపద వస్తే లాగి మోగించడానికి బ్యాగ్‌కి కట్టే అలారం బజర్ తాడు గొడుగులో చిక్కుకుని పిన్ ఊడిపోయింది, అది చెవులు పగిలేలా మోగుతుంటే ఆపడం తెలీక, ఏడుస్తూ అయినా సరిగ్గా ఆ కొట్లోకే వెళ్ళింది. కొట్టు మామ్మగారు పిన్ పెట్టి ఆపి, తల తుడిచి కూర్చోబెట్టారు. నన్ను చూడగానే ఆవిడే "మిమ్మల్ని కంగారు పెట్టాం, క్షమించండి" అని వంగారు, నాకు మాట రాలేదు.

బయల్దేరేటప్పుడు బ్యాగ్ నేను భుజాన వేసుకోబోతే పాప వదల్లేదు. "అమ్మా, ఇది నా బ్యాగ్, నేనే మోస్తా." మామ్మగారు దాని తల నిమిరి "ఎరాయ్ నే" అన్నారు, అంటే గొప్పదానివి అని. ఆ వానలో అది ముందు, నేను వెనక.

జపాన్‌లో పోలీసులు గట్టిగా ఉంటారు కాబట్టి పిల్లలు సేఫ్ అని అంటూ ఉంటారు, నేను ఒప్పుకోను. ఆ జెండా తాతగారు, ఈ బియ్యం కొట్టు మామ్మగారు, వీళ్ళ వల్లే సేఫ్. ఎవరి పిల్ల అయినా సరే వీళ్ళు రోడ్డు మీద కనిపెట్టి చూస్తూ ఉంటారు. మన దగ్గరా ఇలాంటి పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని ఉండేవాళ్ళు, మనమే అరుగులు తీసేసి గేట్లు పెట్టుకున్నాం. ఇక యూట్యూబ్‌లో జపాన్ పిల్లలు క్లాస్ ఊడ్చుకుంటారు, వడ్డించుకుంటారు అని వీడియోలు పెట్టి వాళ్ళేదో దైవాంశ సంభూతులన్నట్టు చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మా పాప కూడా చేస్తుంది! స్కూల్ భోజనంలో చేప ముక్కలు మరిగించిన నీళ్ళు కలపని కూర దాదాపు ఉండదు కాబట్టి దానికి ఇంటి నుంచే డబ్బా, అయినా తన వంతు వచ్చినప్పుడు తెల్ల ఏప్రన్, టోపీ వేసుకుని అందరికీ వడ్డిస్తుంది, శుక్రవారం ఆ ఏప్రన్ ఇంటికి తెస్తే ఉతికి ఇస్త్రీ చేసి సోమవారం పంపాలి. నేర్పిస్తే ఎవరి పిల్లలైనా నేర్చుకుంటారు.

మర్నాడు మైసూర్‌పాక్ చేసి మామ్మగారికి ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా ఆ డబ్బాలో బియ్యం బిస్కెట్లు పెట్టి పాపతోనే పంపారు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మమ్మ అనేది, ఆవిడకి ఎవరు చెప్పారో. రెండేళ్ళుగా ఆ డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

వచ్చే ఏప్రిల్‌లో మా బాబు ఒకటో క్లాసు. ఈసారి దారి మ్యాప్ నేను గీయక్కర్లేదట, మూడో క్లాసు అక్క ఇప్పటికే గీసి పెట్టింది, సిగ్నల్ దగ్గర జెండా, బియ్యం కొట్టు దగ్గర ఎర్ర పెన్సిల్‌తో పెద్ద గుండ్రం.