టెస్టులన్నీ నార్మల్ అంటున్నారు, నొప్పి మాత్రం పోవట్లేదు. ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడాదిన్నరగా ఒళ్లు నొప్పులు, నీరసం ఉన్నాయని, రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ నార్మల్ వచ్చాయని, ముగ్గురు డాక్టర్లు ఏమీ లేదన్నారని రాశారు. చివర్లో మీ ఆయన కూడా "రిపోర్టులన్నీ బాగున్నాయిగా, ఇంకా ఏంటి?" అంటున్నారని రాశారు. ఆ చివరి ముక్క దగ్గరే నా గొంతు పట్టేసింది. అదే మాట నేను నాలుగేళ్లు విన్నాను.

మాది తెనాలి. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. 2015లో వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది, నొప్పులు తగ్గలేదు. ముందు మెడ, భుజాలు, తర్వాత నడుము, తుంటి, మోకాళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి ఎక్కడ నొప్పి అని ఎవరైనా అడిగితే, ఎక్కడ లేదో చెప్పడమే తేలికగా ఉండేది. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టు ఉండేది. నాలుగో పీరియడ్‌కల్లా చెయ్యి పైకి లేచేది కాదు. బోర్డు కింది సగంలోనే రాసి, చెరిపి, మళ్లీ అక్కడే రాసేదాన్ని. వెనక బెంచీ పిల్లలు "కనపడట్లేదు టీచర్" అనేవాళ్లు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి కాల్షియం రాశారు. నరాల డాక్టరు కరెంటు పరీక్ష చేసి బాగానే ఉన్నాయన్నారు. సీబీపీ, ఈఎస్‌ఆర్, థైరాయిడ్, షుగర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎన్‌ఏ అన్నీ బాగానే వచ్చాయి. విటమిన్ డి ఒక్కటి తక్కువుందని వారానికొకటి చొప్పున పొడి పాకెట్లు తాగాను. విటమిన్ పెరిగింది, నొప్పి అలాగే ఉంది. ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ నీరసానికని సెలైన్ ఎక్కించేవాడు, నొప్పికని ఇంజెక్షన్ పొడిచేవాడు. దయచేసి ఆ దారిలో మాత్రం వెళ్లకండి. రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. అసలు నాకున్న జబ్బుకి ఆ మాత్రలు పెద్దగా పనిచేయవని తర్వాత తెలిసింది.

2018 శ్రావణమాసంలో ఒక రోజు గురించి మీకు చెప్పాలి.

విజయవాడ సూర్యారావుపేటలో వెన్నెముకకి ఎంఆర్‌ఐ తీయించుకున్నాను. ఆ ఖర్చుకి గొలుసు తాకట్టు పెట్టాం. ఆ గొట్టంలో పడుకుని, చెవుల్లో దడదడ శబ్దం వింటూ, దేవుణ్ని ఏం కోరుకున్నానో తెలుసా? ఏదో ఒకటి కనపడాలి స్వామీ అని. డిస్కు జారినా సరే, ఆపరేషనైనా సరే, ఏదో ఒక పేరు రావాలి అని. ఇద్దరు పిల్లల తల్లిని, ఇలాంటి కోరిక కోరుకుంటున్నానే అని ఆ గొట్టంలోనే భయమేసింది.

మర్నాడు సాయంత్రం డాక్టరు ఫిల్ము లైటు మీద పెట్టి చూశారు. "మీ వెన్నుపూస ఇరవై ఏళ్ల పిల్లకి ఉన్నట్టుందమ్మా. మీకేమీ లేదు. టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. రెండు నిమిషాలు కూడా కాలేదు. మా ఆయన బయటే టోకెన్ పట్టుకుని కూర్చున్నారు. విషయం చెప్పగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూసి ఎన్నాళ్లయిందో. రైల్లో తెనాలి వచ్చేదాకా ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నారు. నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. బోసు రోడ్డులో దిగి అరకిలో బెల్లం జిలేబి కట్టించారు. ఇంటికి రాగానే మా అత్తయ్యకి ఫోన్ చేసి "అంతా నార్మలేనమ్మా" అన్నారు. పొట్లం నా చేతికిచ్చి "విప్పి అందరికీ పెట్టు" అన్నారు.

దారం ముడి రాలేదు. వేళ్లు వాచినట్టు, మొద్దుబారినట్టు ఉన్నాయి, పట్టు చిక్కట్లేదు. పాకం కాగితంలోంచి ఊరి అరచేతులకి అంటుకుంది. లోపల ఆయన నవ్వుతూ ఫోన్ మాట్లాడుతున్నారు. నేను పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చున్నాను, ఒళ్లో ఆ పొట్లం పెట్టుకుని ఏడ్చాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి చూసి కత్తెర తెచ్చి దారం కత్తిరించింది. "నార్మల్ వస్తే ఎందుకమ్మా ఏడుస్తున్నావ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఉంది. లెక్కల్లోనే చెబుతాను. 91 అనే సంఖ్య తీసుకోండి. 2తో భాగిస్తే పోదు. 3తో పోదు. 5తో కూడా పోదు. అక్కడితో ఆగిపోయి, ఇది దేనితోనూ పోదు, ప్రధాన సంఖ్య అని రాసే పిల్లలు ప్రతి ఏడూ నా క్లాసులో ఉంటారు. 7తో పోతుంది. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి. రిపోర్టులో నార్మల్ అని ఉంటే, వాళ్లు భాగించి చూసిన సంఖ్యలతో పోలేదని అర్థం. అంతకు మించి ఆ కాగితం ఇంకేమీ చెప్పదు. మీకేమీ లేదు అన్న మాట రిపోర్టులో ఎక్కడా ఉండదు, వెతికి చూడండి. ఆ మాట మనుషులు కలుపుతారు.

ఉదాహరణకి హిమోగ్లోబిన్ బాగున్నా ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, తక్కువై నీరసం రావచ్చు, మామూలు సీబీపీలో అది కనపడదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చు. నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం ఉన్నవాళ్లకి పడుకోబెట్టి ఈసీజీ తీస్తే ఏం తెలుస్తుంది? పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక పది నిమిషాల్లోపు మళ్లీ మళ్లీ నాడి లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో అది పడుకున్నప్పటి కన్నా నిమిషానికి 30 పైన పెరిగి అలాగే ఉంటే, నిలబడితే గుండె వేగం పెరిగే పాట్స్ అనే సమస్య ఉందేమో అని ఆలోచిస్తారు. దానికి మెషీన్ కూడా అక్కర్లేదు, గోడ గడియారం చాలు. కానీ పది నిమిషాలు పేషెంటు పక్కన నిలబడే ఓపిక కావాలి.

టెన్షన్ అనే మాట గురించి కూడా చెప్పాలి. మా నాన్నకి 1980ల్లో కడుపులో పుండు. ఎవరిని అడిగినా టెన్షన్ వల్ల, ఆలోచనలు మానెయ్, కారం మానెయ్, పాలు తాగు అనేవారు. ఆయన కిరాణా కొట్టు నడిపేవారు, అప్పులుండేవి. ఆలోచనలు ఎలా మానేస్తారు? తన మనసు గట్టిది కాదు కాబట్టే పుండు వచ్చిందని చివరిదాకా అనుకున్నారు. అదే రోజుల్లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ పుళ్లకి ఎక్కువగా కారణం ఒక బాక్టీరియా అంటే మొదట్లో చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తనే తాగి కడుపు జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. అప్పటికి మా నాన్న లేరు. కారణం దొరకనప్పుడు దొరకలేదని చెప్పడం మానేసి టెన్షన్ అనేస్తారు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఇంకో బాధ, ఈ హెల్త్ చెకప్ ప్యాకేజీలు. పండగ ఆఫర్‌లో డెబ్బై టెస్టులు అంటారు. నేను రెండుసార్లు చేయించుకున్నాను. డెబ్బై నార్మల్‌లు వస్తాయి, మీకు ఎలా ఉందమ్మా అని ఒక్కరూ అడగరు. పైగా ఆ ఫైలు చూశాక ఇంట్లోవాళ్లకి మన మాట మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుంది. ఆ డబ్బు పెట్టి అరగంట మాట్లాడే ఒక జనరల్ ఫిజీషియన్ని వెతుక్కోండి.

నాకు అలాంటి ఆయన 2019లో గుంటూరు కొత్తపేటలో దొరికారు. పెద్దాయన, డెబ్బై దగ్గర ఉంటుంది. నా ఫైలు అందుకుని పక్కన పెట్టేసి "ముందు నువ్వు చెప్పమ్మా" అన్నారు. నాలుగేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అడిగారు: "పొద్దున లేచినప్పుడు నిద్రపోయి లేచినట్టు ఉంటుందా?" లేదన్నాను. "ఎన్నాళ్లయింది అలా అనిపించి?" నాకు గుర్తు రాలేదు. మెడ వెనక, భుజం మీద, మోచేతి పక్కన, తుంటి దగ్గర బొటనవేలితో నొక్కారు. నొక్కిన చోటల్లా ప్రాణం పోయింది. అప్పుడు "నీతో ఎవరొచ్చారు? లోపలికి పిలు" అన్నారు.

మా ఆయన లోపలికొచ్చి నిలబడ్డారు. ఆయన్ని కూర్చోమని, ఇది ఒళ్లంతా నొప్పులు, నీరసం పెట్టే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు అని డాక్టరు చెప్పారు. దీన్ని తేల్చే రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు, రోగి మాట విని, తడిమి చూసి, మిగతావి కావని తేల్చుకుని చెప్పాల్సిందే అన్నారు. 1990లో అమెరికా కీళ్ల డాక్టర్ల సంఘం ఒంట్లో 18 చోట్లు గుర్తించి వాటిలో 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలని పద్ధతి పెట్టింది. 2010లో ఆ లెక్క తీసేసి, నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, నిద్ర, నీరసం, మతిమరుపు ఎలా ఉన్నాయి అని అడగడమే పద్ధతి చేశారు. అంటే ఈ జబ్బుకి అసలు పరీక్ష అడగడమే. అది తప్ప అన్నీ చేశారు నాకు.

మా ఆయన మొహమాటంగానే అడిగారు, "మరి స్కానింగ్‌లో ఏమీ లేదు కదండీ?" అని. దానికి ఆ పెద్దాయన అన్న మాటలు ఇవి: "మీ ఇంట్లో కుక్క ఉందనుకో. దొంగకే కాదు, పాలవాడికీ మొరుగుతోంది, ఆకు కదిలినా మొరుగుతోంది. దొంగ లేడని స్కానింగ్ చెప్పింది, నిజమే. కానీ కుక్క మొరగడం అబద్ధమా? ఇంట్లో మనిషికి నిద్ర లేకపోవడం అబద్ధమా?" నరాలు, మెదడు నొప్పిని మోసే తీరే మారిపోతుందని, 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఇలాంటి నొప్పికి నోసిప్లాస్టిక్ అని వేరే పేరు పెట్టిందని తర్వాత చదివి తెలుసుకున్నాను. మా ఆయనకి మాత్రం ఆ కుక్క చాలు. తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. నారాకోడూరు దాటాక "ఆ రోజు జిలేబి తేకుండా ఉండాల్సింది" అన్నారు.

మందు విషయం. రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. మందుల షాపు అబ్బాయి చీటీ చూసి "ఇది డిప్రెషన్ మందండీ" అని అందరి ముందూ అన్నాడు. సిగ్గేసి రెండు వారాలు మానేశాను. పెద్ద మోతాదులో అది డిప్రెషన్‌కి ఇస్తారు, చిన్న మోతాదులో నొప్పికి, నిద్రకి ఇస్తారు. మీకూ ఎవరైనా అలా అంటే మానకండి, డాక్టర్నే అడగండి. రెండోది నడక. మొదట్లో రోజుకి ఐదు నిమిషాలే. వారానికో నిమిషం పెంచుకుంటూ పోయాను. 2016లో యూరప్ నిపుణులు ఈ జబ్బుకి ఇచ్చిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. కానీ ఓపికున్న రోజు ఇల్లంతా కడిగేసి తర్వాత మూడు రోజులు పడిపోవడం నేను చేసిన పెద్ద తప్పు. ఇల్లు సగమే కడిగి ఆపేయడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నొప్పి పోయిందా అంటే పోలేదు. సగానికి తగ్గింది. క్లాసులో కుర్చీ అడిగి వేయించుకున్నాను. వాన ముసురు పట్టిన రోజుల్లో ఇప్పటికీ జడ వేసుకోవడం కష్టం, మా అమ్మాయి లేకపోతే ముడి చుట్టేసుకుని వెళ్తాను.

మీరు రాసింది చదివితే మీదీ ఇదే జబ్బని నా మనసు గట్టిగా చెబుతోంది. అయినా చూపించుకునే తీరాలి. బరువు తగ్గిపోతున్నా, జ్వరం వస్తున్నా, కీళ్లు వాస్తున్నా, కాలో చెయ్యో పట్టు తప్పుతున్నా పాత నార్మల్ రిపోర్టులు నమ్ముకుని కూర్చోకండి, కొత్తగా పరీక్షలు అడగండి. పోయినేడు నార్మల్ అన్నది పోయినేటి మాట.

ఇక మీ ఆయన విషయం. ఆయన చెడ్డవాడని మీరు రాయలేదు, నేనూ అనుకోవట్లేదు. మా ఆయన కూడా నన్ను నమ్మకపోవడానికి కారణం ఆ కాగితాలే. ఆయన చూసింది అవొక్కటే కదా, నన్ను నొక్కినప్పుడు నేను అరిచిన అరుపు వినలేదు. అందుకని ఈ పదిహేను రోజులు ఒక నోటుబుక్కులో రోజూ మూడు ముక్కలు రాయండి: నిద్ర ఎలా పట్టింది, ఏ పని మధ్యలో ఆపేశారు, నొప్పి ఎక్కడెక్కడ ఉంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఫైలు మీరు పట్టుకోండి, ఆ నోటుబుక్కు మీ ఆయన చేతికివ్వండి. మీ పేరు పిలవగానే ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లండి.